మద్దెల ఓడు కాదు, డ్రైవరే!

అక్టోబర్ 27, సోమవారం. ఇక్కడ కార్మికుల సెలవు.

ఉదయం 6.10. మా ఊరు వింటన్‌లో వాన. ఆవులకి సెలవు లేదు గానీ నాకుంది.

మొదటి రోజు! తీర్మానం: ఇరవై ఆరు రోజుల్లో సొంతంగా ఆడియో డ్రైవర్ రాస్తాను. రాసి తీరతాను.

కారణం కాగితం మీద పెట్టాలి, లేకపోతే మధ్యలో మరిచిపోతాను. మొన్న బుధవారం, తిత్తి పైపులూ డ్రమ్ములూ కలిపి వాయించే మా పైప్ బ్యాండ్ ప్రాక్టీసులో షోనా కర్రలు పైకెత్తి అందరినీ ఆపేసింది. “అన్నయ్యా, నువ్వు ముందు పడుతున్నావ్” అంది. అందరి ముందూ! షోనా నా చెల్లెలు. దానికి తొమ్మిదేళ్ళప్పుడు వంటింటి బల్ల మీద డ్రమ్ము కొట్టడం నేర్పింది నేనే. ఇప్పుడది మా డ్రమ్ముల వరసకి లీడర్. మేం ఆరుగురం. ఆరుగురి దెబ్బా ఒకే దెబ్బలా వినపడాలి. మిగతా ఐదుగురిదీ ‘టప్’. నాది కలిస్తే ‘ట-టప్’.

టీ విరామంలో పక్కకి పిలిచి ఇంకో మాట కూడా అంది. నవంబర్ 22న పోటీ. ఆ లోపు దారికి రాకపోతే నేను వరసలో ఉండను. బ్యాండ్ ముందు బ్యానరు పట్టుకుని నడవాలి. ఇరవై రెండేళ్ళు వరసలో నిలబడ్డవాణ్ని!

తప్పు నాది కాదు. నిన్నంతా కూర్చుని కనిపెట్టాను. పక్కింటి లొరేన్ నర్సు. రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. అందుకని మార్చి నుంచి అసలు డ్రమ్ము మానేసి, కంప్యూటరుకి తగిలించిన ఎలక్ట్రానిక్ ప్యాడ్ మీద, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పైపుల రికార్డుతో పాటు కొడుతున్నాను. కర్ర ప్యాడ్ మీద పడ్డాక శబ్దం నా చెవికి రావడానికి పట్టేది అరవై మిల్లీసెకన్లు. అది పైపులతో కలవాలంటే చెయ్యి అరవై ముందే పడాలి. ఎనిమిది నెలలుగా నా చెయ్యి బుద్ధిగా అదే నేర్చుకుంది. ఆ చెయ్యిని తీసుకెళ్ళి అసలు డ్రమ్ము మీద పెడితే ఏమవుతుంది? ముందు పడుతుంది!

కాబట్టి దోషి కంప్యూటరు. ప్యాడ్ మాట కంప్యూటరుకీ, కంప్యూటరు మాట హెడ్‌ఫోన్లకీ చెప్పే దుబాసీ ప్రోగ్రాము ఒకటుంటుంది. దాని పేరే డ్రైవర్. కంప్యూటరుతో పాటు వచ్చినవాడు పరమ బద్ధకస్తుడు. వాణ్ని పీకేసి నా వాణ్ని కూర్చోబెడతాను. లక్ష్యం: మూడు మిల్లీసెకన్లు.

నా అర్హత: పదిహేనేళ్ళుగా పాల షెడ్లలో గేట్లకి ప్రోగ్రాములు రాస్తున్నాను. ఆవు చెవిపోగు చదవాలి, కుడి గేటో ఎడమ గేటో తెరవాలి. బ్రహ్మాండంగా తెరుచుకుంటాయి.

సరంజామా:
ప్రయోగాలకి పాత లాప్‌టాప్. పేరు పెట్టాను, బలిపశువు.
చీజ్ రోల్స్, రెండు డజన్లు.
ఫ్రిజ్ తలుపు మీదకి నినాదం: ఆలస్యం అమృతం విషం.

అక్టోబర్ 28, మంగళవారం.

ఉదయం 5.30. లేచాను! అలారం కంటే ముందే!

పాఠం తెరిచాను. పేరు ‘మొదటి అడుగులు’. నలభై పేజీలు. పది చదివేశాను. అంతా తెలిసిన వ్యవహారంలాగే ఉంది. ఉదాహరణకి ఇచ్చిన డ్రైవర్ నిశ్శబ్దాన్ని వాయిస్తుందట. అంటే ఏమీ వినపడకపోతే పని చేస్తున్నట్టు.

ఏమీ వినపడలేదు. మొదటి విజయం!

6.40. స్పీకరు ప్లగ్గు పెట్టలేదని ఇప్పుడే చూశాను.

అక్టోబర్ 29, బుధవారం.

ఉదయం 5.45. ఉదాహరణ పక్కన పెట్టి సొంత డ్రైవర్ ఎక్కించాను. బలిపశువు నీలం తెర వేసి పడుకుంది. ఆదిలోనే హంసపాదు. మామూలు ప్రోగ్రాము తప్పు చేస్తే అదొక్కటే పోతుంది. డ్రైవర్ తప్పు చేస్తే మొత్తం కంప్యూటరు పోతుంది. షెడ్డులో గేటు తప్పు తెరిస్తే ఒక ఆవు పక్క దొడ్లోకి పోతుంది, అంతే. ఇక్కడ షెడ్డే కూలుతోంది.

సాయంత్రం ప్రాక్టీసులో షోనాకి విషయమంతా వివరించాను.

“డ్రైవర్ రాస్తున్నావా? నీకు లైసెన్సు ఉందిగా అన్నయ్యా?”

“ఆ డ్రైవర్ కాదే.”

“ఏ డ్రైవరైనా సరే. నీ చెయ్యి ముందు పడుతోందంటే కంప్యూటరు మీదకి తోస్తావేంటి? ఆడలేక మద్దెల ఓడన్నారట.”

మద్దెల కొట్టేవాడికే ఆ సామెత చెబితే ఎలా! నేను ఆడేవాణ్ని కాదు కదా! ఆ మాటే అన్నాను. పైప్ మేజర్ అలిస్టర్ బెయిన్ పైపులోంచి ఊపిరి తీసి మరీ నవ్వాడు. ఆయనకి అరవై ఎనిమిది. నలభై ఏళ్ళుగా బ్యాండుని నడిపిస్తున్నాడు. ఆయన నవ్వితే ఊరు నవ్వినట్టే.

“పోనీ, ఓ రబ్బరు ముక్క మీద కొట్టుకోరాదుట్రా మెర్విన్?” అన్నాడు. “లొరేన్‌కి నిద్ర, నీకు ప్రాక్టీసు.”

పాతకాలం మనిషి. ఏమంటాం.

నవంబర్ 1, శనివారం.

బఫర్ అంటే ఏమిటో ఇవాళ ఒంటబట్టింది. పాల క్యాను! కంప్యూటరు శబ్దాన్ని చుక్కచుక్కగా పంపదు. క్యాను నింపి పంపుతుంది. క్యాను నిండేదాకా ఆగడమే ఆలస్యం. చిన్న క్యాన్లు పెడితే గబగబా కదులుతాయి. కానీ ఒక్కటి వేళకి అందకపోయినా గరగరమంటుంది.

పెద్ద క్యాన్లు తీసేసి చిన్నవి పెట్టాను. నీలం తెర: మూడుసార్లు. నాలుగోసారి టప్‌మంది! నా డ్రైవర్‌లోంచి నా కర్ర దెబ్బ! లేచి వంటింట్లో ఒక చుట్టు గంతులేశాను. లొరేన్ గోడ కొట్టింది.

నవంబర్ 2, ఆదివారం.

పాఠం ఇరవై రెండో పేజీ. ప్రధాన సూత్రం: కంప్యూటరు గంట మోగించగానే క్యాను అందించాలి. ఆ క్షణంలో ఇంకే పనీ పెట్టుకోకూడదు. ఫైలు తెరవకూడదు. ఎవరి కోసమూ ఆగకూడదు. తెర మీద ఏమీ రాయకూడదు. వడ్డించేవాడు ఉప్పు కోసం లోపలికి పోకూడదన్నమాట.

అర్థమైంది. కానీ క్యాను వేళకి అందిస్తున్నానో లేదో నాకెలా తెలియాలి? అందుకని అందించిన ప్రతిసారీ తెర మీద ‘అందించాను’ అని రాయించాను.

గరగర.

గరగర ఎందుకొస్తోందో తెలుసుకోవాలి కదా. ‘ఎందుకు లేటయింది’ అని కూడా రాయించాను. సెకనుకి మూడు వందల డెబ్భై ఐదు సార్లు.

మరింత గరగర. బలిపశువు ఫ్యాను హెలికాప్టరులా తిరిగింది. మధ్యాహ్నం 3.20కి మళ్ళీ ఇరవై రెండో పేజీ చదివాను. తెర మీద రాయకూడదు అని ఉంది. ఉందని పొద్దున్నే తెలుసు. తెలిసి చేశానని ఎవరికీ చెప్పను.

నవంబర్ 5, బుధవారం.

ఊళ్ళో బాణసంచా. ప్రాక్టీసు లేదు. దేవుడు నా పక్షాన ఉన్నాడు.

రాతలన్నీ తీసేశాను. గరగర తగ్గింది. ఇప్పుడు కొలత. ప్యాడ్ పక్కన ఫోను పెట్టి రికార్డు చేశాను. కర్ర ‘టక్’కీ, స్పీకరు ‘టప్’కీ మధ్య దూరం: పదిహేడు మిల్లీసెకన్లు!

అరవై నుంచి పదిహేడుకి! పది రోజుల్లో!

నవంబర్ 6, గురువారం.

పదిహేడు.

నవంబర్ 7, శుక్రవారం.

పదిహేడు. క్యాన్లు ముందే తగ్గించాను కదా. లెక్క ప్రకారం ఎనిమిదే రావాలి. మిగతా తొమ్మిదీ ఎక్కడ పోతున్నాయి? ప్రోగ్రాము వరసవరసా చదివాను. రెండు వేల వరసలు. షెడ్డులో భోజనం వేళ కూడా కాగితాల మీద అచ్చు వేసుకుని చదివాను. రైతు ఇయన్ అడిగాడు.

“ఏంటది మెర్విన్, వీలునామానా?”

“తొమ్మిది మిల్లీసెకన్లు పోయాయి.”

“మా గేటులోనా?”

“కాదు.”

“అయితే ఫరవాలేదు” అని మటన్ కూరిన రొట్టె తింటూ వెళ్ళిపోయాడు.

నవంబర్ 8, శనివారం.

ఉదయం 9.15. దొరికాయి!!

స్పీకరు కిటికీ దగ్గరుంది. నేను హీటరు పక్కన కూర్చుంటున్నాను, చలికి. మధ్యలో మూడు మీటర్లు. గాలిలో శబ్దం మీటరు దూరం రావడానికి మూడు మిల్లీసెకన్లు పడుతుంది. మూడు మూళ్ళు తొమ్మిది. రెండు రోజులు, రెండు వేల వరసలు! కొండని తవ్వి ఎలుకని పట్టాను. ఎలుక నా గదే.

స్పీకరు తెచ్చి ప్యాడ్ పక్కన పెట్టాను. ఎనిమిది.

షోనాకి ఫోన్ చేశాను.

“ఎనిమిదా? చాలదా అన్నయ్యా? ఇంక ఆపి, ఆ ఎనిమిదితో రెండు వారాలు కూర్చుని చెయ్యి సరిచేసుకో.”

“తీర్మానం మూడు.”

“ఎనిమిదికీ మూడుకీ తేడా ఏ మానవుడికి వినపడుద్ది?”

“నాకు.”

“నీకు అరవై వినపడలేదు ఎనిమిది నెలలు” అంది. ఫోన్ పెట్టేశాను. చెల్లెలి నోటితో ఎవడు గెలుస్తాడు.

నవంబర్ 9, ఆదివారం.

పెద్ద నిర్ణయం. పాత ప్రోగ్రాము అతుకుల బొంత. మూడు రావాలంటే పునాది నుంచి కట్టాలి. మొత్తం చెరిపేశాను. శుభ్రంగా మళ్ళీ మొదలు! గుండె తేలికపడింది.

కాపీ ఉంచుకోవాల్సింది. ఫరవాలేదు. అంతా నా తలలో ఉంది.

నవంబర్ 10, సోమవారం.

తలలో లేదు.

నవంబర్ 12, బుధవారం.

ఉదయం. కొత్త డ్రైవర్ మోగుతోంది గానీ ఒకటే గరగర. ప్రాక్టీసు మానకూడదు కాబట్టి, తాత్కాలికంగా మాత్రమే, క్యాన్లు రెండు బదులు పదహారు వరసగా పెట్టాను. గరగర సగం పోయింది. ఆలస్యం: మూడు వందల నలభై. తాత్కాలికం అని మరోసారి రాసుకుంటున్నాను.

సాయంత్రం ప్రాక్టీసు. షోనా ఒకటే చూపు చూసింది. పాట మధ్యలో నా పక్కకొచ్చి నా కర్రలు గట్టిగా పట్టుకుంది.

“ముందు కాస్త ముందుండేవాడివి. ఇప్పుడేంటి, రేపటి పాట కొడుతున్నావా?”

“పది రోజుల్లో సరిపోతుంది.”

“అన్నయ్యా.” గొంతు తగ్గించింది. “నిన్ను తీసెయ్యడం నాకు ఇష్టమనుకుంటున్నావా? ఈ కర్రలు నా చేతిలో పెట్టింది నువ్వే.”

అది కళ్ళు తిప్పుకుంది. నాకు బాధేసింది. బాధేసినప్పుడు మనిషి ఏం చెయ్యాలి? చెయ్యి సరిచేసుకోవాలి. నేను ఇంటికొచ్చి డ్రైవర్ సరిచేశాను.

నవంబర్ 14, శుక్రవారం.

క్యాన్లు ముప్పై రెండు. పెద్దవి. గరగర మొత్తం పోయింది! పైపుల రికార్డుతో ఒక్క పొల్లు శబ్దం లేకుండా వాయించాను. ఆలస్యం ఏడు వందలు.

ఒక విచిత్రం. మా మార్చ్‌లో ఏడు వందల మిల్లీసెకన్లంటే సరిగ్గా ఒక అడుగు. అంటే నేను ఒక అడుగు ముందు కొడితే శబ్దం సరిగ్గా తాళం మీదే పడుతుంది. మూడు వందల నలభై కంటే ఎంతో సుఖంగా ఉంది! చెయ్యి ఒక్క పూటలో అలవాటు పడింది. శాస్త్రం ఎప్పుడూ ఇలాగే అనుకోకుండా ముందుకు పోతుంది.

నవంబర్ 16, ఆదివారం.

చర్చిలో పాస్టరుగారి కంటే ముందు ఆమెన్ అన్నాను. రెండుసార్లు.

మధ్యాహ్నం లొరేన్ వచ్చింది, చీజ్ రోల్స్ గిన్నె తిరిగివ్వడానికి.

“తలుపు ఇంకా కొట్టలేదు, తీశావేంటి?”

“ఫరవాలేదు, థాంక్స్.”

“నేనింకా ఏమీ ఇవ్వలేదు మెర్విన్.”

ఒకసారి డాక్టరుకి చూపించుకోమంది. ఎందుకో.

నవంబర్ 17, సోమవారం.

ఉదయం 6.00. రెండు గేట్లు బాగుచెయ్యడానికి పోవాలి. పోయే ముందు గరగరకి అసలు కారణం వెతికి పట్టుకున్నాను. ఒక్క వరసలో తప్పు. దిద్ది, క్యాన్లన్నీ తీసేసి, ఒక్క బుల్లి క్యాను ఉంచాను. గరగర లేదు! కొలిచాను. మూడు!

6.20. ఆగండి. ఏదో తేడాగా ఉంది. పైపులతో వాయిస్తే అస్సలు కలవడం లేదు. శబ్దం పైపుల కంటే ఒక అడుగు ముందే వచ్చేస్తోంది. కర్ర వేగిరపడి మోగుతోంది. ఇది ఖచ్చితంగా లోపం. కొలతలో కూడా ఏదో పొరపాటుండాలి.

6.55. ప్రోగ్రాములో 697 మిల్లీసెకన్ల ఆలస్యం కలిపాను. ఇప్పుడు హాయిగా కలుస్తోంది! లోపం సవరించబడింది. డ్రైవర్ పూర్తయింది!!

బలిపశువు మీద చెయ్యేసి నిమిరాను.

నవంబర్ 19, బుధవారం.

ప్రాక్టీసుకి పోలేదు. జలుబు అని చెప్పాను. అసలు కారణం: పోటీలోనే షోనాని ఆశ్చర్యపరచాలని. రోజుకి రెండు గంటలు వాయిస్తున్నాను. పైపులతో అచ్చు గుద్దినట్టు కలుస్తోంది.

షోనా మెసేజ్ పెట్టింది: “శనివారం నిన్ను వరసలోనే నిలబెడుతున్నా. నా మాట పోనివ్వకు.”

పోనివ్వను.

నవంబర్ 22, శనివారం.

సాయంత్రం 5.30, ఇన్వర్‌కార్గిల్ పోటీ మైదానం పక్కన వ్యానులో.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం 1.40. మా వంతు. కిల్టులు, టోపీలు, ఎండ. అలిస్టర్ ముందు నిలబడి పిలుపు ఇస్తాడు: “బ్యాండ్, బై ద సెంటర్, క్విక్ మార్చ్!” ‘మార్చ్’ అయ్యాక డ్రమ్ములు గడగడమని రెండు రోల్స్ వెయ్యాలి. రెండో రోల్ మీద పైపులవాళ్ళు తిత్తి మీద చేత్తో కొట్టి అందుకోవాలి. ఈ దేశంలో ప్రతి పైప్ బ్యాండూ ఇలాగే మొదలవుతుంది.

అలిస్టర్ “బై ద సెంటర్” అన్నాడు. “క్విక్—”

నేను రోల్ వేశాను.

ఒక అడుగు ముందు. సరిగ్గా ఏడు వందలు.

మా వరసకి షోనా పెట్టిన నియమం ఒకటుంది: ఎవడు తప్పు మొదలెట్టినా వాణ్ని ఒంటరిగా వదలకూడదు, అందరం దూకాలి, అందరూ చేస్తే అది తప్పు కాదు, ఏర్పాటు. ఐదుగురూ దూకారు. పైపులవాళ్ళకి డ్రమ్ము వినపడితే చెయ్యి తిత్తి మీదకి పోతుంది, బుర్రతో పని లేదు. పద్నాలుగు పైపులూ ఒక్కసారే అందుకున్నాయి. బ్యాండ్ కదిలింది. ‘మార్చ్’ అనే మాట అలిస్టర్ నోట్లోనే ఉండిపోయింది. పైపు నోట్లో పెట్టుకోవడానికి కూడా టైము లేదు పాపం. మేమంతా ఆయన మీదకి నడుస్తుంటే ఒక్క గెంతు గెంతి, నాలుగడుగుల తర్వాత కలిశాడు.

అయిపోయింది, బ్యానరే నా గతి అనుకుంటూ మిగతా పాటంతా షోనా కర్రలే చూస్తూ కొట్టాను.

4.30కి న్యాయనిర్ణేతల కాగితాలు వచ్చాయి. అలిస్టర్ కళ్ళజోడు పెట్టుకుని వ్యాను వెనక నిలబడి పైకి చదివాడు. డ్రమ్ముల గురించి: ‘ఆరంభం ఒకే మనిషిలా, నిశ్చయంగా. ఈరోజు విన్నవాటిలో శ్రేష్ఠం.’ అందరూ ఓ అని అరిచారు. షోనా నా వీపు మీద చరిచింది. దానికి తెలియదు! అది మూడో చోట నిలబడుతుంది, నేను చివర. అందరూ ఒక్కసారి దూకితే మొదటివాడెవడో దానికెలా తెలుస్తుంది?

తర్వాతి వరస కూడా అలిస్టరే చదివాడు. ‘పైప్ మేజర్: ఆరంభంలో ఆలస్యం. పిలుపు పూర్తి కాలేదు.’

అలిస్టర్ కాగితం మడిచాడు.

“నేను మార్చ్ అన్నానా? అనలేదా?” అని షోనాని అడిగాడు.

“అన్నారనే అనుకున్నాం అలిస్టర్.”

“అనుంటే నాకు గుర్తుండాలిగా.” నవ్వబోయాడు, రాలేదు. “మా నాన్నకీ ఇలాగే మొదలైంది. మాటలు మధ్యలో ఆగేవి.”

రెండో స్థానం. ఇరవై ఏళ్ళలో మా బ్యాండుకి ఇదే పెద్దది. నా చోటు పదిలం.

నవంబర్ 23, ఆదివారం.

ఆలోచించాను. నన్నెవరూ అడగలేదు. అడిగితే చెబుతాను. అడగనిదానికి జవాబు చెప్పడం కూడా ఒకరకంగా ముందు పడటమే కదా?

చర్చికి పోలేదు.

నవంబర్ 24, సోమవారం.

షోనా ఫోన్. “అలిస్టర్ రాజీనామా ఉత్తరం రాశాడన్నయ్యా. బుధవారం ఇస్తాట్ట. డాక్టరు దగ్గర కూడా పేరు రాయించుకున్నాడు. మొన్న అసలేమైందో నీకేమైనా తెలుసా?”

అడిగింది. అడిగితే చెబుతానని నిన్ననే రాసుకున్నాను.

“షెడ్డులో ఉన్నా, తర్వాత మాట్లాడతా” అన్నాను. షెడ్డులో లేను. వంటింట్లో ఉన్నాను.

చీజ్ రోల్స్: ఐదు. సిగ్గు: కొలవలేదు.

నవంబర్ 25, మంగళవారం.

పొద్దున పనికి పోతూ పోతూ అలిస్టర్ ఇంటి ముందు వ్యాను ఆపాను. గరాజ్ తలుపు తీసి ఉంది. ఆయన పైపులు విప్పి ఒక్కొక్క ముక్కా గుడ్డలో చుట్టి పెట్టెలో సర్దుతున్నాడు. చిన్నపిల్లలని పడుకోబెట్టినట్టు సర్దుతున్నాడు. ఆ చేతులు చూశాక ఇంక దాచలేకపోయాను.

“మీరు మార్చ్ అనలేదు అలిస్టర్. అనేలోపే నేను కొట్టాను.”

ఆయన తల ఎత్తలేదు. “నన్ను ఊరడించడానికి చెప్పకురా.”

“ఊరడింపు కాదు. ఏడు వందల మిల్లీసెకన్లు ముందు. కొలిచి చెబుతున్నాను.” అంతా చెప్పాను. డ్రైవర్, క్యాన్లు, మూడు రావడం, అది తప్పనుకుని 697 కలపడం. షోనా అడిగితే షెడ్డులో ఉన్నానని అబద్ధం ఆడటం కూడా.

ఆయన చేతిలో గుడ్డని ఉండ చుట్టాడు.

“అంటే నాకు మతి పోలేదు.”

“లేదు. పోయింది నాకు.”

“మూడు రోజులు, మెర్విన్. మూడు రోజులుగా పొద్దున్నే లేచి నా పేరు, మా ఆవిడ పేరు, పిల్లల పుట్టినరోజులు వరసగా అప్పజెప్పుకుంటున్నాను. అన్నీ ఉన్నాయా లేదా అని.”

“క్షమించండి.” నాకు ఏడుపొచ్చింది. వచ్చిందనే రాస్తున్నాను.

ఆయన గుడ్డ నా మొహం మీదకి విసిరాడు. బలంగానే విసిరాడు. “మూడు వచ్చిందా? వచ్చినదాన్ని నీ చేత్తో నువ్వే పాడు చేశావా?” అన్నాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. స్టూలు మీద కూర్చుని, మోకాళ్ళు పట్టుకుని, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వాడు. అందులో ఎంత నవ్వో ఎంత ఏడుపో నేను అడగలేదు.

“ఇప్పుడు పోయి మీ చెల్లెలికి చెప్పు. నేను చెబితే బాగోదు.”

నవంబర్ 26, బుధవారం.

షోనాకి చెప్పాను. హాలు బయట, అందరూ లోపలికి పోయాక. అది గోడకి ఆనుకుని విన్నది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

“ముందు పడటం తప్పు కాదన్నయ్యా, దిద్దుకోవచ్చు. పెద్దాయన అలా కుమిలిపోతుంటే నోరు మూసుకున్నావ్ చూడు, అది నాకు నచ్చలేదు.”

“తెలుసు.”

“నిన్ను తీసేస్తున్నా.”

“నేనైనా అదే చేసేవాణ్ని.”

“ఎలాగూ ముందుండటం నీకు అలవాటేగా. బ్యానరు పట్టుకుని అందరికంటే ముందు నడువు.” ముక్కు తుడుచుకుంది. “మార్చిలో జాతీయ పోటీ. ఆలోపు చెయ్యి దారికి వస్తే చూస్తా.”

లోపల అలిస్టర్ రాజీనామా ఉత్తరంతో టీ కప్పు కింద తడి తుడుస్తున్నాడు.

నవంబర్ 29, శనివారం.

ఊళ్ళో క్రిస్మస్ ఊరేగింపు. ట్రాక్టర్లు, గొర్రెలు, శాంతాక్లాజు. అన్నిటి వెనకా మేము. బ్యానరు బరువు, పైగా గాలి. దారి పొడుగునా ఒకటే అడగడం. “డ్రమ్ము ఏమైంది మెర్విన్?” ఇయన్ అడిగాడు, లొరేన్ అడిగింది, పాస్టరుగారూ అడిగారు. లొరేన్‌కి మాత్రం నిజం చెప్పాను. “అయితే నా నిద్ర కోసమా ఇదంతా! చెబితే చెవుల్లో దూది పెట్టుకునేదాన్ని కదయ్యా” అంది.

బ్యానరు పట్టినవాడు వెనక్కి తిరగకూడదు. మలుపు దగ్గర తిరిగాను. వరసలో ఐదు డ్రమ్ములు. చివర, నేను నిలబడే చోట, ఎవరూ లేరు. షోనా వరస సర్దలేదు. ఒక మనిషి పట్టేంత ఖాళీ అలాగే ఉంచి నడిపిస్తోంది.

డిసెంబర్ 1, సోమవారం.

ఉదయం 6.10. ఎండ.

మొదటి రోజు! తీర్మానం: మార్చిలోపు వరసలో నా చోట నేను నిలబడతాను. పద్ధతి: రోజుకో గంట రబ్బరు ముక్క మీద. కంప్యూటరు ముట్టుకోను. ముట్టుకుంటే నా పేరు మెర్విన్ కాదు.

6.35. రబ్బరు మీద పాతిక నిమిషాలు. చెయ్యి ఇంకా ముందే పడుతోంది. కానీ తగ్గుతోంది. నిజంగానే తగ్గుతోంది!

6.50. ఒక ఆలోచన. ఆ 697 తీసేస్తే చాలు, లోపల ఉన్నది మూడే కదా. ఒక్క వరస. ఒక్కటంటే ఒక్కటి. ఐదు నిమిషాల పని.

6.58. నీలం తెర.

7.15. ఈసారి దాపరికం వద్దనుకున్నాను. షోనాకి ఫోన్ చేశాను. “డ్రైవర్ మళ్ళీ మొదలుపెడుతున్నానే. తర్వాత తెలిస్తే నువ్వు బాధపడతావని ముందే చెబుతున్నా” అన్నాను.

“అదే కదా అన్నయ్యా నీ రోగం” అంది.